తృతీయపక్ష పొడిగింతల భద్రతా పరిశీలన

తృతీయపక్ష పొడిగింతల భద్రతా పరిశీలన అనగా, ఒక సాఫ్ట్‌వేరుకు దాని తయారీదారు కాక వేరొకరు రూపొందించిన అదనపు భాగాన్ని జతచేసే ముందు, దానివలన వాడుకరి సమాచారానికి కలుగగల ముప్పును అంచనా వేయడం. విహారిణుల పొడిగింతలు, ప్లగిన్‌లు, ప్రోగ్రాములలో వాడే లైబ్రరీలు ఈ కోవలోకి వస్తాయి. ఆ భాగానికి ఏయే అనుమతులు లభిస్తాయి, దానిని నవీకరించే అధికారం ఎవరి చేతిలో ఉన్నది అనేవి ఇందులో ముఖ్యమైన ప్రశ్నలు.

పద్మ ఉదాహరణ

2000ల దశకంలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు యూనీకోడ్‌ను కాక సొంత ఫాంట్లను వాడేవి. ఆ పాఠ్యాన్ని యూనీకోడ్‌లోకి మార్చి చూపేందుకు నాగార్జున వెన్న ఫైర్‌ఫాక్స్ విహారిణికి పద్మ అనే పొడిగింతను రూపొందించాడు. ఇది తెలుగు పాఠకులకు ఎంతో మేలు చేసిన పనిముట్టు. అయితే పేజీలోని అక్షరాలను మార్చాలంటే ముందు ఆ పేజీని చదవాలి. ఆనాటి ఫైర్‌ఫాక్స్ పొడిగింతలకు విహారిణితో సమానమైన అధికారాలుండేవి. వార్తాపత్రిక పేజీకీ, బ్యాంకు పేజీకీ తేడా ఉండేది కాదు. పద్మ మేలుచేసేది కావడానికి కారణం దాని కర్త నిజాయితీయే తప్ప విహారిణి విధించిన కట్టడి కాదు. 2017 నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57తో ఈ పాత పద్ధతి పొడిగింతలు పనిచేయడం మానివేశాయి. కొత్త పద్ధతిలో ప్రతి పొడిగింతా తనకు కావలసిన అనుమతులను ముందే ప్రకటించాలి.

యాజమాన్యం మారినప్పుడు

స్థాపించిన నాడు మంచిదైన పొడిగింత తరువాత కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు. క్రోమ్ విహారిణిలో వాడని ట్యాబులను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ పొడిగింతకు 20 లక్షలకు పైగా వాడుకరులుండేవారు. 2020లో దాని కర్త దానిని అజ్ఞాత వ్యక్తులకు అమ్మివేశాడు. హానికర కోడ్ ఉన్నదన్న కారణంతో 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని తొలగించింది. నవీకరణలు తమంతట తామే స్థాపితమవుతాయి కనుక, పాత వాడుకరులు మళ్ళీ ఏమీ నొక్కకుండానే మార్పు వారి కంప్యూటర్లలోకి చేరింది. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే లైబ్రరీ నిర్వహణను దాని కర్త సహాయం చేస్తానని వచ్చిన అపరిచితునికి అప్పగించగా, బిట్‌కాయిన్లను దొంగిలించే కోడ్ అందులోకి చేరింది.

ఎక్స్‌జెడ్ ఉదంతం (2024 మార్చి) మరింత సూక్ష్మమైనది. దుండగుడు రెండేళ్ళకు పైగా ఓపికగా పనిచేసి సహ నిర్వాహకుడయ్యాడు. 5.6.0, 5.6.1 సంచికలలో దొంగదారి పెట్టాడు. దానిని పనిచేయించే కీలక భాగం బహిరంగ సోర్సు భాండాగారంలో లేదు, విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉన్నది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతున్నదని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దీనిని బయటపెట్టాడు. ఓపెన్ సోర్సు అన్న మాట ఒక్కటే చాలదు.

పరిశీలన విధానం

పనికీ అనుమతులకూ పొంతన ఉన్నదా అన్నది మొదట చూడాలి. లెక్కలు కట్టే పొడిగింత అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదివే అనుమతి అడిగితే స్థాపించకపోవడమే మంచిది. పద్మ వంటి వాటికి ఆ అనుమతి న్యాయమే కాని, దానిని కొన్ని సైట్లకే పరిమితం చేయవచ్చు. తరువాత నిర్వాహకుడెవరు, ఇటీవల మారాడా, పాత లోపాలను ఎంత త్వరగా సరిదిద్దాడు అనేవి చూస్తారు. ఫైర్‌ఫాక్స్ పొడిగింత ఫైలు నిజానికి జిప్ కట్టే కాబట్టి విప్పి చదవవచ్చు. వాడుకరుల సంఖ్య, నక్షత్రాల రేటింగు భద్రతకు సాక్ష్యాలు కావు. నంద్యాల జిల్లాలోని పాములపాడు వంటి మండల కేంద్రాలలో ఒకే కంప్యూటరుపై పలువురి ఆధార్, బ్యాంకు వివరాలు తెరిచేవారు పొడిగింతలకు వేరే ప్రొఫైలు వాడడం ఉత్తమం.

భారతదేశంలో

2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా ఉచితంగా అందించిన పనిముట్లలో హైదరాబాదు సీడాక్ రూపొందించిన బ్రౌజర్ జేఎస్‌గార్డ్ ఒకటి. హానికర జావాస్క్రిప్టును పసిగట్టే ఇది కూడా విహారిణి పొడిగింతే. సాఫ్ట్‌వేరులోని భాగాలన్నిటి జాబితాను తయారీదారు నుండి తీసుకోవడంపై సెర్ట్-ఇన్ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు వెలువరించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారాన్ని సేకరించిన సంస్థ ఆ పనిని ఇతరులకు అప్పగించినా బాధ్యత దానిదే.