ఒక పాత భాషకు వీడ్కోలు

ఉగాదికి ముందు ఇల్లు దులిపి, పోయిన యేటి పంచాంగమును ప్రక్కన పెట్టి క్రొత్తది తెచ్చుకొనుట మన ఆచారము. పాతది చెడ్డదని కాదు. దాని లెక్క ఈ యేటికి చెల్లదు. కంప్యూటర్లకును ఇట్టి ఆచారము అవసరమని తెలుపు చిన్న చరిత్ర యొకటి కలదు.

ఒక ప్రింటరును నలుగురు వాడుకొనవలెనన్నను, ఒక యంత్రములోని ఫైలును వేరొక యంత్రము తెరువవలెనన్నను, వాటికి ఉమ్మడి భాష ఉండవలెను. 1983లో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ అట్టి భాషకు రూపమిచ్చెను. అదియే సర్వర్ మెసేజ్ బ్లాక్; క్లుప్తముగా ఎస్.ఎం.బి. మైక్రోసాఫ్ట్ వారు దానిని విండోసులో చేర్చి పెంచిరి. ఆనాడు ఒక కార్యాలయపు గోడల నడుమ ఉన్న యంత్రములే పరస్పరము మాటాడుకొనెడివి. అందుచే దానిలో కాపలా తక్కువ.

2006లో రెండవ రూపమును, 2012లో సమాచారమును రహస్యలిపిలో పంపగల మూడవ రూపమును వచ్చెను. అయినను మొదటిది పోలేదు. పాత జిరాక్సు యంత్రములు కొన్నింటికి వేరు భాష రాదు. వాటి కొరకై పలువురు ఆ తలుపు తెరచియే ఉంచిరి.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ అందలి లోపమునకు సవరణ పంపెను. అనేకులు దానిని వేసికొనలేదు. మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆ లోపము గుండా దూరి, ఫైళ్లకు తాళము వేసి సొమ్ము అడిగెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలబడెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారివి, తిరుమల తిరుపతి దేవస్థానములవారివి కూడ కొన్ని అందులో కలవు. ఆ అక్టోబరులో వచ్చిన విండోస్ 10 రూపమునుండి, ఇండ్లలో క్రొత్తగా వేసికొన్న విండోసులో ఆ పాత భాషను పదునైదు దినములు వాడకున్న దానంతట అదే తొలగునట్లు ఏర్పరచిరి.

ధర్మపురిలో మా సంఘ కార్యాలయమునందును ఒక పాత జిరాక్సు యంత్రము కొరకు ఆ తలుపు చాలకాలము తెరచియే ఉంచితిమి. మన కుటుంబముల పట్టికలు, పెద్దల ఫోటోలు ఆ కంప్యూటరులోనే యున్నవని తలచి, తుదకు మూసితిమి. యంత్రమును పారవేయలేదు, ఇప్పుడు పెన్‌డ్రైవుతో పని సాగుచున్నది. నాలుగడుగులు ఎక్కువ నడుచుటయే నష్టము.

మన ధర్మపురికి పూర్వనామము తగడూరు. ఆ పేరు చరిత్రలో గౌరవముగనే నిలిచియున్నది. కాని నేడు ఉత్తరముపై దానిని వ్రాయము. పాత భాషకును అదే స్థానము తగును.