ఆకు, అగ్ని, ఆబ్కారీ: నెల్లూరు – బాపట్ల తీరం నేపథ్యంలో గంజాయి పాక చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో గంజాయి ప్రసక్తి రాగానే స్ఫురించేది ‘తులసివనంలో గంజాయి మొక్క’ అనే నానుడి. అందులో గంజాయి ఒక మొక్క మాత్రమే. దాని చెడు పుట్టుకతో వచ్చిన గుణం. చట్టమూ చాలావరకు ఈ దృష్టినే అనుసరించింది. ఆకు, పువ్వు, బంక అని మొక్క భాగాలను విడదీసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టి శాసించింది. అయితే తినే గంజాయి, తాగే గంజాయి విషయంలో నిర్ణాయకమైనది మొక్క భాగం ఒక్కటే కాదు, దానికి తగిలిన వేడి కూడా. వైద్య గ్రంథాలు గుర్తించిన ఈ పాకాన్ని వలస పాలనా పత్రాలు ఎందుకు పట్టించుకోలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాకం – రసాయనం

పచ్చి మొక్కలో మత్తు కలిగించే పదార్థం దాదాపుగా ఆమ్లరూపంలోనే ఉంటుంది. టీహెచ్‌సీ ఆమ్లంగా పిలిచే ఆ రూపానికి మత్తు కలిగించే శక్తి లేదు. వేడి తగిలినప్పుడు ఆ అణువు నుండి బొగ్గుపులుసు వాయువు విడిపోయి టీహెచ్‌సీ మిగులుతుంది. దీనినే రసాయన శాస్త్రంలో డీకార్బాక్సిలేషన్ అంటారు. ఆమ్లం అణుభారం సుమారు 358, విడిపోయే వాయువు అణుభారం 44, మిగిలేది 314. పొగ తాగేవాని విషయంలో ఈ మార్పును నిప్పే క్షణాలలో జరిపిస్తుంది. తినేవాని విషయంలో మాత్రం ఆ పని ముందుగా పొయ్యి మీద జరగాలి. టీహెచ్‌సీ నీటిలో దాదాపుగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. గంజాయి తినుబండారాల చరిత్రలో నెయ్యికీ పాలకూ దక్కిన స్థానానికి కారణం ఇదే. గావోని, మెకౌలమ్ టీహెచ్‌సీని వేరుచేసి నిర్మాణాన్ని నిర్ధారించినది 1964లో. పొయ్యి దగ్గరి అనుభవం అంతకు శతాబ్దాల ముందుది.

శోధన సంప్రదాయం

శార్ఙ్గధర సంహిత భంగను, నల్లమందును ‘వ్యవాయి’ ద్రవ్యాలకు ఉదాహరణలుగా చెప్పింది. జీర్ణం కాకముందే దేహమంతటా వ్యాపించి, ఆ తరువాత పాకం చెందే ద్రవ్యం వ్యవాయి. భావప్రకాశం విజయ, జయ, మాదినీ, మాతులానీ మొదలైన పర్యాయపదాలిచ్చింది. రసశాస్త్ర సంప్రదాయం ఈ ద్రవ్యాన్ని ఉపవిషాలలో చేర్చి, శోధన లేనిదే వాడరాదని నియమించింది. ఆకును నీటిలో పలుమార్లు కడిగి, ఆరబెట్టి, ఆవునేతిలో సన్నని సెగపై వేయించడం ఒక పద్ధతి. మూటగట్టి దోలాయంత్రంలో పాలతో ఉడికించడం మరొకటి.

వైద్యుని మాటలో ఇది ‘శుద్ధి’. రసాయన దృష్టిలో కడగడం వల్ల నీటిలో కరిగే పదార్థాలు తొలగుతాయి. వేడివల్ల ఆమ్లరూపం మారనారంభిస్తుంది. కొవ్వు ఆ సారాన్ని గ్రహిస్తుంది. ఒకటి దోషనివారణ అంటున్నదాన్ని మరొకటి కొంతమేరకు శక్తి విడుదల అంటున్నది. రెండూ అంగీకరించే అంశం ఒక్కటే: పచ్చి ఆకు వేరు, పాకమైన ఆకు వేరు.

ఈ పాకానికి ఆధునిక వైద్య సాహిత్యంలో ప్రసిద్ధమైన వర్ణన 1839లో కలకత్తాలో ఓషానెస్సీ వెలువరించిన పత్రంలో ఉంది. మాజూన్ తయారీలో ఆకును నేతితో, నీటితో కలిపి మట్టిపాత్రలో కాచి, నీరు ఇగిరిపోయిందని చిటపట శబ్దాన్నిబట్టి గుర్తించేవారని ఆయన నమోదు చేశాడు. తెలుగింటిలో వెన్న కాచే ఇల్లాలు పాటించే గుర్తూ ఇదే. కొలమానం లేని చోట చెవి, ముక్కు, కన్ను కొలమానాలయ్యాయి.

తీరం – ఉప్పు, ఆబ్కారీ

ఈ పాకజ్ఞానానికీ ప్రభుత్వ రికార్డుకూ మధ్య దూరం తెలుగు తీరంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద కల్లు, సారాలతోపాటు గంజాయి కూడా లైసెన్సు పరిధిలోకి వచ్చింది. మద్రాసు రాజధానిలో ఉప్పునూ ఆబ్కారీనీ చూసేది ఒకే శాఖ. కనుక ఇసకపల్లి వంటి నెల్లూరు తీరపు ఉప్పు కొఠారులపై నిఘా పెట్టిన శాఖే గంజాయి దుకాణాల లెక్కలూ చూసేది.

మద్రాసు రాజధానిలో గంజాయి సాగుకు పేర్కొన్న ప్రధాన ప్రాంతాలు రెండు: ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు, నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు పరిసరాలు. అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. అంటే నెల్లూరు జిల్లా ఉత్తరపు అంచుకు దగ్గరలోనే ఈ సాగు సాగింది.

ఉప్పును మడి దగ్గర, గంజాయిని పొలం దగ్గర, గిడ్డంగి దగ్గర తూచడం ప్రభుత్వానికి సులువు. తూచిన తరువాత ఆ సరుకు చిలుములోకి పోయిందా, నేతిలోకి పోయిందా అన్నది సుంకానికి అనవసరం. మద్రాసు పత్రాలలో ‘గంజాయి’, ‘భంగు’ అనే మాటలు కలగాపులగంగా కనిపించడానికి ఒక కారణం ఇదే. ఉత్తరాదిన భంగు అంటే ఆకు. ఇక్కడ ఆకుకు వేరే వ్యాపారం అంతగా లేనందున, పొగకూ పానీయానికీ లేహ్యానికీ తరచు ఒకే సరుకు ఆధారమైంది.

కమిషన్ నివేదిక – వర్గీకరణ

1893లో నియమితమై 1894లో నివేదిక సమర్పించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించింది. మితమైన వాడకం సాధారణంగా హానికరం కాదనీ, సంపూర్ణ నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదనీ తేల్చింది. పిచ్చాసుపత్రుల రికార్డులలో ‘కారణం’ గడిలో తగిన విచారణ లేకుండానే గంజాయి పేరు రాసిన సందర్భాలను బయటపెట్టడం దాని గొప్ప కృషి. సాహిత్య పరిశోధకులు దీనిని పాఠపరిష్కరణతో సమానమైన పనిగా గుర్తించవచ్చు.

అయినా కమిషన్ ప్రధాన వర్గీకరణ గంజాయి, చరస్, భంగు అనే మూడింటి మీదనే నిలిచింది. తినే, తాగే పదార్థాల తయారీని వర్ణించినా, వేడి చేసే పనిని విడిగా విచారించలేదు. నాటి రసాయన శాస్త్రానికి ఆ సాధనమూ లేదు. ఆ వర్గీకరణ నీడ 1985 మాదకద్రవ్యాల చట్టంలోనూ కనిపిస్తుంది. దాని నిర్వచనంలో చరస్ ఉంది, పూతకొసలైన గంజాయి ఉంది, వాటితో చేసిన మిశ్రమమూ పానీయమూ ఉన్నాయి. కొసలు లేని విడి ఆకు లేదు. ఔషధ నియమాలు మాత్రం భంగను ఆయుర్వేద విషద్రవ్యాల పట్టికలో చేర్చి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికను తప్పనిసరి చేశాయి. ఒకే ఆకు ఒక శాసనంలో నిర్వచనానికి వెలుపల, మరొక శాసనంలో విషం.

ముగింపు

ఈ పరిశీలన కేవలం గతానికి సంబంధించినది కాదు. గంజాయి చాక్లెట్లు పట్టుబడిన వార్తలు నేడు తెలుగు పత్రికలకు కొత్త కాదు. పొగ ప్రభావం నిమిషాలలో తెలుస్తుంది. తిన్నదాని ప్రభావం అరగంట మొదలు రెండు గంటల వరకు ఆలస్యం కావచ్చు. ఏమీ కాలేదనుకొని మరికొంత తినడమే ప్రమాదానికి దారి. సారం గాఢమైనకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. శోధన, మోతాదు, అనుపానం, పర్యవేక్షణ అనే నాలుగు కట్టుబాట్ల మధ్య నిలిచిన పాకం, వాటిని వదిలి పంచదార ముద్దగా బజారుకెక్కడమే నేటి మార్పు.

కాబట్టి గంజాయి చరిత్రను ఆబ్కారీ లెక్కల నుండి మాత్రమే రాస్తే పొగ చరిత్రే మిగులుతుంది. ఆ లెక్కలను వైద్య గ్రంథాల పాక విధులతో, నిఘంటువుల పర్యాయపదాలతో పక్కపక్కన ఉంచి చదవాలి. తాళపత్ర వైద్య గ్రంథాల పరిష్కరణలో ‘విజయ’, ‘జయ’, ‘భంగ’ కనిపించిన ప్రతి చోటా ద్రవ్యం పేరుతో ఆగక, దానికి విధించిన అగ్నిని, స్నేహద్రవ్యాన్ని, మోతాదును కూడా నమోదు చేయాలి. నానుడిలోని మొక్కకు వెనుక ఒక పొయ్యి ఉందని చరిత్రకు చెప్పగలిగేది ఆ పాఠాలే.