కడుపులో పురుగులు: హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు నాటువైద్యం

మనిషి పేగుల్లో చేరి అక్కడి ఆహారం మీదనో, రక్తం మీదనో బతికే పరాన్నజీవులను కడుపులో పురుగులు అంటారు. మట్టి ద్వారా సోకే రకాలే ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తమిళనాడు వాయవ్య కొసన, ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులను ఆనుకుని ఉన్న కృష్ణగిరి జిల్లా 2004లో ధర్మపురి నుంచి విడివడింది. హోసూరు, బాగలూరు, సూళగిరి, దెంకనికోట, వేపనపల్లి ఊళ్లలో తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు తరాలుగా కలిసి బతుకుతున్నాయి. ఇంటి వైద్యం కూడా ఆ గడపల మధ్య చేతులు మారుతూనే వచ్చింది.

పురుగులన్నీ ఒకటి కావు. ఏ మందైనా పనిచేసిందా లేదా అన్నది ముందు ఏ పురుగో తెలిస్తేనే తేలుతుంది. నులిపురుగులు సన్నగా, తెల్లగా ఉంటాయి. రాత్రిళ్లు ఆసనం దగ్గర గుడ్లు పెట్టి పిల్లలకు దురద పుట్టిస్తాయి. ఏలికపాము జానెడుకు పైగా పెరుగుతుంది, ఆడది రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. కొరడాపురుగు పెద్దపేగులో ఉంటుంది. బద్దెపురుగు సరిగా ఉడకని మాంసంతో వస్తుంది. తీపి తింటే పురుగులు పడతాయని పెద్దలు అనేమాట నిజం కాదు; గుడ్డో, పిల్లపురుగో బయటినుంచి ఒంట్లోకి చేరాల్సిందే.

సేద్యం చేసేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది కొంకిపురుగు. తడి, నీడ ఉన్న మట్టిలో దీని పిల్లపురుగులు గుడ్లలోంచి బయటపడి, ఉత్తకాళ్ల చర్మంలోంచి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకు వెళ్లి, గొంతులోకి ఎక్కి, మింగినప్పుడు పేగు చేరతాయి. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే రకం ఒక్కొక్కటి రోజుకు దాదాపు 0.03 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వంద పురుగులుంటే రోజుకు 3 మిల్లీలీటర్లు పోయినట్టే. రెండుపూటలా రాగి సంకటి తినే ఆడమనిషి కూడా రక్తం లేక పాలిపోవడానికి ఇదొక కారణం. ఆమె తిండిని తప్పుపట్టేముందు మలపరీక్ష చేయించాలి.

ఇంటి మందులు

అన్నిటికన్నా పేరున్నది వాయువిడంగం. మిరియాల్లాంటి ఈ ఎండు కాయలు నాటుమందుల అంగళ్లలో దొరుకుతాయి. పురుగుల్ని చంపే ద్రవ్యాల్లో విడంగమే శ్రేష్ఠమని చరక సంహిత చెప్పింది. ఇందులోని ఎంబెలిన్ అనే నారింజరంగు పదార్థానికి పురుగుల మీద ప్రభావం ఉంది. అయితే అంగడిలో వాయువిడంగం పేరుతో వేరే చెట్ల కాయలు కూడా కలిసి వస్తాయి. ఎలుకల మీద జరిపిన పరీక్షల్లో ఎంబెలిన్ సంతానశక్తిని తగ్గించింది. సంప్రదాయ వైద్యంలోనూ గర్భనిరోధక యోగాల్లో విడంగం కనిపిస్తుంది. అందుకే గర్భిణులకు దీన్ని ఇవ్వకూడదు.

ఆ తర్వాతిది మోదుగ గింజ. ఎండిన కొండ అడవుల్లో ఎర్రగా పూసే మోదుగ చెట్టు గింజల్లోని పలాసోనిన్ ఏలికపాముల మీద పనిచేసే పదార్థం. బద్దెపురుగుకు గుమ్మడి గింజలు, దానిమ్మ వేరు బెరడు వాడేవాళ్లు. దానిమ్మ బెరడులోని క్షారాలను ఫ్రెంచి రసాయనవేత్త తాన్రే 1878లో వేరుచేసి, పెల్లెటియరిన్ అని పేరుపెట్టాడు. మోతాదు మించితే అవి చూపును దెబ్బతీస్తాయి. బొప్పాయి గింజల మీద నైజీరియాలో 60 మంది పిల్లలతో చేసిన చిన్న పరీక్ష 2007లో అచ్చయింది: గింజల పొడి తేనెతో తీసుకున్న 30 మందిలో 23 మందికి, ఉత్త తేనె తీసుకున్న 30 మందిలో ఐదుగురికి మలంలో పరాన్నజీవులు కనబడకుండా పోయాయి. ఆశ కలిగించే ఫలితమే, కానీ ఒక్క చిన్న పరీక్షతో మందు ఖాయం కాదు.

మందు వేసే పద్ధతిలోనూ ఒక క్రమం ఉంది. ముందురోజు రాత్రి బెల్లమో పాలో పెట్టి, పొద్దున్నే పరగడుపున మందిచ్చి, ఆ పైన ఆముదంతో విరేచనం చేయిస్తారు. ముందురోజు తీపి, పాలు, పెరుగు పెట్టి పురుగుల్ని కోష్ఠంలోకి రప్పించాలని చరకుడూ చెప్పాడు. విరేచనం అతిగా అయితే పసిపిల్లల ఒంట్లో నీరు పోతుంది; ఆముదం విషయంలో భయపడాల్సింది దానికే.

వద్దనే మూలికలు

గాడిదగడపాకును పురుగుల మందుగా వాడే అలవాటు తెలుగు, తమిళ నాటువైద్యాల్లో రెండింటా ఉంది. ఈ జాతి మొక్కల్లో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను కోలుకోలేనంతగా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ పుట్టిస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఈ జాతి మూలిక కలవడంతో ఎందరో ఆడవాళ్ల మూత్రపిండాలు చెడిపోయాయి. ఏళ్ల తరబడి వాడినా ఏమీ కాలేదనే మాటను నమ్మి పిల్లలకు పోయడం ప్రమాదం. హాని బయటపడటానికే ఏళ్లు పడుతుంది. కుప్పింటాకు రసం మామూలు పిల్లలకు పడినా, జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్రకణాలను పగలగొడుతుంది. శ్రీలంక వైద్యులు ఇలాంటి కేసులు నమోదు చేశారు.

మూర్ఛలు వస్తున్న మనిషికి మూలికైనా, మాత్రైనా సొంతంగా ఇవ్వకూడదు. పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టవచ్చు. వాటికి వైద్యుల పర్యవేక్షణలోనే చికిత్స జరగాలి.

మాత్ర, మట్టి

2015 ఫిబ్రవరిలో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం తొలి విడత రాష్ట్రాల్లో తమిళనాడు ఒకటి. బడుల్లో, అంగన్‌వాడీల్లో 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు, ఏడాది నిండి రెండేళ్లలోపున్న పిల్లలకు సగం. ఏలికపాములకు ఇది బాగా పనిచేస్తుంది, కొంకిపురుగుకు ఫరవాలేదు, కొరడాపురుగు మీద ఒక్క మాత్ర బలం చాలదు. నులిపురుగులకు రెండు వారాల తర్వాత మళ్లీ వేయాలి, అదీ ఇంటిల్లిపాదికీ.

పురుగును బయటికి లాగడం, అది బతికే పరిస్థితిని చెరపడం, కారణాన్ని మానడం అని చరకుడు మూడు పనులు చెప్పాడు. మూలికలు, మాత్రలు మొదటి రెండింటితో ఆగిపోతాయి. కారణం ఈ ప్రాంతంలో మట్టిలోనూ నీళ్లలోనూ ఉంది. బెంగళూరు మురుగును మోసుకొచ్చే దక్షిణ పినాకిని నది హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయంలో నురగలు కక్కుతుంది. ఆ నీళ్లు కాలువల్లో పొలాలకు పారతాయి. మురుగునీటితో సేద్యం చేస్తే లీటరుకు ఒక్క పురుగు గుడ్డుకు మించి ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఏలికపాము గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి చావదు, తాగునీటిలో కలిపే క్లోరిన్‌కూ లొంగదు. మరగబెడితే చస్తుంది. అందుకని పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, కీరలను పారే నీళ్లలో రుద్ది కడగాలి, ఆకుకూరలను ఉడికించి తినాలి. కొంకిపురుగు కాళ్లలోంచి దూరకుండా పూలతోటల్లో, మడుల్లో పనిచేసేవాళ్లకు చెప్పులుగానీ రబ్బరు బూట్లుగానీ ఉండాలి. వాటిని కూలీల ఖర్చుకు వదలకుండా తోట యజమానే కొనిపెట్టాలి.