పైవాళ్లను ఎదిరించిన బిషప్‌లు ఇద్దరు: ఎవరు ఎవరి కోసం?



1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన్రు. అందుకే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్లలో చదివే మనం, పైవాళ్లను ఎదిరించినోడు ఎవరైనా మనోడే అనుకుంటం. చర్చి చరిత్ర చూస్తే అది అంత సులువు కాదు.

2000 జనవరిలో రోమ్, హైదరాబాద్ ఆర్చ్‌బిషప్‌గా మారంపూడి జోజిని నియమించింది. అప్పటికే ఆయన ఖమ్మం, విజయవాడ బిషప్‌గా చేసిన్రు. దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. 1971 నుంచి ఆ కుర్చీలో ఉండి దిగిపోయిన సామినేని అరుళప్ప ఈ నియామకాన్ని బాహాటంగా తప్పుపట్టిన్రు. రోమ్‌కు ఇక్కడి సంగతి తెల్వదని ఆయన అన్నట్టు పత్రికల్లో వచ్చింది. దళిత క్రైస్తవులకు అది కులం మాటగానే వినిపించింది.

అదే 2000లో మెక్సికోలో ఇంకో బిషప్ పదవి దిగిన్రు. పేరు శామ్యూల్ రూయిజ్. చియాపాస్‌లో 40 ఏళ్లు పనిచేసిన్రు. మాయా ఆదివాసుల భాషలు నేర్చుకున్నరు. పెళ్లయిన ఆదివాసులను వందలమందిని డీకన్లు చేసిన్రు. డీకన్ అంటే ఫాదర్‌కు ఒక మెట్టు కింద. బాప్తిస్మం ఇస్తడు, పెండ్లి చేస్తడు. 1993లో పోప్ రాయబారి ఆయనను తప్పుకోమన్నరు. ఆయన కదలలే. 1994లో జపాటిస్టా ఆదివాసులు తిరగబడితే, సర్కారుకూ వాళ్లకూ నడుమ మాట్లాడింది ఆయనే. ఆయన దిగినంక రోమ్ కొత్త డీకన్లను ఆపించింది. 2014లో పోప్ ఫ్రాన్సిస్ మళ్లీ ఒప్పుకున్నరు. 2016లో రూయిజ్ సమాధి కాడ ప్రార్థన చేసిన్రు.

ఇద్దరూ రోమ్‌తో విభేదించినోళ్లే. ఒకరు కింది నుంచి వచ్చినోళ్లకు కుర్చీ ఇచ్చినందుకు, ఇంకొకరు తానే కిందోళ్లకు చోటిచ్చి.

దీంట్ల మనకేం పని అనొచ్చు. 1950 ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతది. ఎస్టీలకు ఆ షరతు లేదు. కానీ కుర్చీ కాడ వచ్చే కొట్లాట అందరిదీ. 2022లో అదే హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని మొదటి దళిత కార్డినల్ అయ్యిన్రు. జోజి ఎక్కిన మెట్టు మీదికెళ్లే అది.

రేపు మన సంఘంల ఎవరన్నా "పైవాళ్లకు ఇక్కడి సంగతి తెల్వదు" అంటే, ఆ "ఇక్కడ" ఎవరిదో ముందు అడుగుదాం.