పనికిరానివారి మఠం

1782లో ఆస్ట్రియా పాలకుడైన పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో జోసెఫ్ తన ఏలుబడిలోని మఠాలను ఒకే గీటురాయి మీద పరీక్షించాడు. బడి నడపని, రోగులను చూడని, బోధకు వెళ్లని మఠాలను పనికిరానివని మూయించాడు. ఆ వేటు మొదట పడినవాళ్లలో మౌనంగా ప్రార్థనలో బతికే కార్తూసియన్లు ఉన్నారు. మఠాల ఆస్తిని మతనిధిగా మార్చి విచారణల (పారిష్‌ల) అవసరాలకు వాడాడు కాబట్టి దాన్ని ఉత్త దోపిడీ అనలేం. అయితే ఈ సన్యాసులను వెనకేసుకొచ్చేవాళ్లు కూడా ఆ చక్రవర్తి లెక్కలోకే దిగడం విచిత్రం. గ్రంథాలకు నకళ్లు రాశారని, 130 మూలికలతో పేరుమోసిన షార్త్రూజ్ మద్యం చేస్తారని గుర్తుచేస్తారు. అవి నిజాలే గానీ, ఆ వాదన నిలవదు. కార్తూసియన్ల తొలి మఠం షార్త్రూజ్ చరిత్రే దానికి అడ్డం తిరుగుతుంది.

రెయిమ్స్‌లో పెద్ద గురువుగా పేరు పొందిన బ్రూనో 1084లో ఆరుగురు సహచరులతో గ్రెనోబుల్ దగ్గరి షార్త్రూజ్ కొండలెక్కి ఆ మఠాన్ని మొదలుపెట్టాడు. 1132లో హిమపాతం విరుచుకుపడి ఏడుగురు సన్యాసులు చనిపోతే, మిగిలినవాళ్లు కాస్త కిందికి దిగి మళ్లీ కట్టుకున్నారు తప్ప ఊళ్లోకి పోలేదు. దానికి కొన్నేళ్ల ముందే మఠాధిపతి గీగో రాసిన నియమావళిలో సన్యాసులు పదముగ్గురికి, పనులు చూసే సోదరులు పదహారుమందికి మించరాదని ఉంది. ఆ బీడు నేల అంతకంటే ఎక్కువమందిని పోషించలేదు. పోషణ కోసం ఊరూరా తిరిగి అడుక్కుంటే ఏకాంతం పోతుంది. ఒక్కో సన్యాసికి ఒక చిన్న ఇల్లు, పని గది, గోడల మధ్య తోట. భోజనం గోడలోని చిన్న కిటికీలోంచి వస్తుంది. అర్ధరాత్రి లేచి అందరూ కలిసి ప్రార్థిస్తారు. పెరగకూడదని రాసుకున్న సంస్థను ఉత్పత్తితో కొలవడం ఎలా? మద్యానికి గిరాకీ ఎంత పెరిగినా తయారీ పెంచబోమని, ప్రార్థనే ముఖ్యమని ఆ సన్యాసులు నిర్ణయించుకున్న సంగతి 2023లో లోకానికి తెలిసింది.

ఇది స్వార్థం కాదా, లోకం బాధపడుతుంటే తలుపేసుకోవడం కాదా అనే ఆక్షేపణ బలమైనదే. కతోలిక సంప్రదాయంలో మాత్రం ఒకరి ప్రార్థన మరొకరి కోసం పనిచేస్తుంది. కార్మెల్ మఠం దాటి ఏ మిషన్‌కూ వెళ్లని లిసియూ సన్యాసిని తెరేసాను 1927లో మిషన్లకు పాలక పునీతురాలిగా ప్రకటించడం అందుకే. నమ్మనివారికి ఇది రుచించకపోవచ్చు. అప్పుడు వాళ్లు కాదనవలసింది ప్రార్థననే. ప్రార్థన మంచిదంటూనే దానికే జీవితమిచ్చినవాళ్లను సోమరులనడం పొసగదు.

బలవంతంగా మఠాల్లో పడేసిన ఆడపిల్లల సంగతి వేరు. ఆ మచ్చ నిజమైనదే. ట్రెంట్ మహాసభ 1563లోనే అలాంటి బలవంతాన్ని శాపంతో నిషేధించవలసి వచ్చింది. కానీ 1790లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం వ్రతాలు రద్దుచేసి, వెళ్లిపోవచ్చని చెప్పినప్పుడు కొంపియేన్ కార్మెల్ సన్యాసినులు వెళ్లబోమన్నారు. 1794 జులై 17న ఆ మఠానికి చెందిన 16 మందికి పారిస్‌లో తలలు తీశారు. షార్త్రూజ్‌ను 1792లో ఖాళీ చేయించారు, 1816లో సన్యాసులు తిరిగొచ్చారు. 1903లో సైనికులు మళ్లీ వెళ్లగొడితే 1940లో మళ్లీ వచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.