అమెరికాలో ఏ ఊరు మనకు సెట్ అవుతుంది? నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి ఇవే!

నంద్యాల: "మావాడు డల్లాస్‌లో ఉన్నాడు, నువ్వూ అక్కడికే పో". అమెరికా మాట రాగానే నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలో ముందు వినిపించే సలహా ఇదే. తెలిసినవాళ్లు ఉండటం మంచిదే. దిగిన రోజు అన్నం పెట్టేవాళ్లు, ఎయిర్‌పోర్టుకు వచ్చేవాళ్లు ఉంటారు. కానీ అదొక్కటే చూసుకుని వెళ్తే తర్వాత ఇబ్బంది పడాల్సి వస్తుంది. మరి ఏమేం చూడాలి? వివరాలు ఇవీ..

జీతం కంటే ముందు.. రెండో ఉద్యోగం

హెచ్-1బీ వీసాపై ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి. లేదంటే వేరే స్టేటస్‌కు దరఖాస్తు చేసుకోవాలి. రెండూ కాకపోతే తిరుగు ప్రయాణమే. చదువు అయ్యాక ఓపీటీపై ఉన్నవాళ్లు మొత్తం కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. స్టెమ్ ఎక్స్‌టెన్షన్ వస్తే అది 150 రోజులు అవుతుంది.

అందుకే "ఈ ఉద్యోగం పోతే, ఇదే ఊళ్లో రెండు నెలల్లో ఇంకోటి దొరుకుతుందా?" అన్నది అన్నింటికంటే పెద్ద ప్రశ్న. డల్లాస్, న్యూయార్క్-న్యూజెర్సీ, బే ఏరియా, సియాటెల్, చికాగో, అట్లాంటా లాంటి చోట్ల కంపెనీలు ఎక్కువ. అదే ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌ను తీసుకోండి. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు అక్కడే. మనవాళ్లూ ఉన్నారు, ఖర్చూ తక్కువే. కానీ ఐటీ ఉద్యోగాలు ఎక్కువగా ఆ ఒక్క కంపెనీ చుట్టూనే తిరుగుతాయి.

"నచ్చకపోతే మారిపోదాం" అనుకుంటే అదీ అంత ఈజీ కాదు. హెచ్-1బీ పిటిషన్ పనిచేసే చోటుకు ముడిపడి ఉంటుంది. ఆ మెట్రో ఏరియా దాటి పనిచేయాలంటే కంపెనీ మళ్లీ సవరణ పిటిషన్ వేయాల్సిందే.

చేతికొచ్చేది ఎంత?

ఫెడరల్ పన్ను దేశమంతా ఒకటే. రాష్ట్ర పన్నులోనే తేడా. టెక్సాస్, ఫ్లోరిడా, టెన్నెసీల్లో జీతంపై రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలో మాత్రం ఆదాయం పెరిగేకొద్దీ పన్ను శాతం పెరుగుతుంది. బాగా ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 13.3 శాతం దాకా ఉంది. దానికి తోడు బే ఏరియా అద్దెలు దేశంలోనే ఖరీదైన వాటిలో ఉంటాయి.

అలాగని టెక్సాస్‌లో అంతా ఫ్రీ అనుకోవద్దు. అక్కడ ఇళ్లపై ప్రాపర్టీ ట్యాక్స్ ఎక్కువ. న్యూజెర్సీలో అయితే ప్రాపర్టీ ట్యాక్సూ ఎక్కువే, ఆదాయపు పన్నూ ఉంది. అద్దెకు ఉన్నన్ని రోజులు ఇది నేరుగా తెలియదు. ఇల్లు కొన్నాకే తెలుస్తుంది.

కారు, వాతావరణం

న్యూయార్క్, జెర్సీ సిటీ, చికాగోల్లో రైళ్లు, బస్సులతో రోజులు గడిచిపోతాయి. డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనోల్లో కారు లేకపోతే పాల ప్యాకెట్ తేవడమూ కష్టమే. కారు అంటే ఇన్సూరెన్స్, పెట్రోల్ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

నంద్యాల ఎండ చూసినవాళ్లకు డల్లాస్ ఎండ కొత్తేం కాదు. చికాగో చలి మాత్రం కొత్త. సియాటెల్‌లో మంచు తక్కువే కానీ, చలికాలమంతా ముసురు. ఎండ ముఖం చూడటం అరుదు.

పిల్లలు, అమ్మానాన్నలు

పిల్లల ప్రభుత్వ స్కూలు సాధారణంగా మీ ఇంటి అడ్రస్‌ను బట్టే ఖరారవుతుంది. స్కూలు బాగుంటే అక్కడ ఇళ్ల రేట్లు, అద్దెలు కూడా ఎక్కువే. కాబట్టి పిల్లలున్న ఇంట్లో ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి, తర్వాత ఇల్లు చూడాలి.

అమ్మానాన్నలు విజిటర్ వీసాపై వస్తే సాధారణంగా ఒకసారికి ఆరు నెలల వరకు ఉండనిస్తారు. కారు నడపలేని పెద్దవాళ్లకు గుడి, ఇండియన్ స్టోర్ దగ్గర్లో ఉంటేనే ఆ ఆరు నెలలు గడుస్తాయి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం, న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నాయి. ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు భారతీయ షాపులకు, హోటళ్లకు పేరున్న వీధి.

ఫోన్ టైమింగ్స్ కూడా చిన్న విషయం కాదు. చలికాలంలో ఆళ్లగడ్డలో రాత్రి 8 గంటలైతే న్యూజెర్సీలో ఉదయం 9.30, డల్లాస్‌లో 8.30, సియాటెల్‌లో 6.30. వేసవిలో అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది.

స్టూడెంట్స్.. ఊరి కంటే ముందు యూనివర్సిటీ

2019 జనవరిలో మిషిగన్‌లోని 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' బండారం బయటపడింది. అది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన నకిలీ యూనివర్సిటీ. క్లాసులు లేవు, లెక్చరర్లు లేరు. మొదట్లోనే దాదాపు 130 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. ఒకరిద్దరు తప్ప అందరూ భారతీయులే. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అప్పట్లో ప్రభుత్వ గుర్తింపు జాబితాలో కూడా ఆ పేరు ఉండేది. కాబట్టి జాబితా ఒక్కటే చూసి నమ్మొద్దు. "క్లాసులకు రానక్కర్లేదు, మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు" అన్నారంటే అక్కడే ఆగిపోవాలి.

మరి ఎవరికి ఏ ఊరు?

అప్పు చేసి చదువుకునేవాళ్లకు.. ఫీజు తక్కువ, కారు లేకుండా గడిచే క్యాంపస్, దగ్గర్లో కంపెనీలున్న సిటీ మేలు. ఒంటరిగా ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు కంపెనీలు ఎక్కువున్న పెద్ద మెట్రో సేఫ్. అద్దె కాస్త ఎక్కువైనా, 60 రోజుల గండం వస్తే ఆ ఊరే కాపాడుతుంది. భార్యాపిల్లలతో ఉండేవాళ్లు అదే మెట్రో శివార్లలో మంచి స్కూలున్న ఏరియా చూసుకోవచ్చు. మావాడున్న ఊరు ఈ లెక్కలో నిలబడితే ఇంకేం, అక్కడికే వెళ్లండి!

గమనిక: వీసా రూల్స్ తరచూ మారుతున్నాయి. కొత్త హెచ్-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల ఫీజును 2025 సెప్టెంబర్‌లో ఉన్నట్టుండి ప్రకటించారు. డబ్బులు కట్టే ముందు అమెరికా ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్లలో తాజా నిబంధనలు చూసుకోండి.