కలము ఆగిన వేళ

తోలుబొమ్మలాట చూచువారికి తెరమీది బొమ్మలే కనబడును. వాటిని ఆడించు చేతులుగాని, వాటికి మాటలిచ్చు గొంతులుగాని కనబడవు. ఆట ముగిసి తెల్లవారుజామున ఇండ్లకు మరలునపుడు జనులు హనుమంతుడు ఎట్లు ఎగిరెనో, బంగారక్క కేతిగానిని ఎట్లు దులిపివేసెనో చెప్పుకొని నవ్వుకొందురు. ఆ మాటలు కూర్చినవాడెవడని అడుగువారు అరుదు. నేటి టెలివిజన్ తెరయు ఇట్టిదే. నటుని ముఖము ప్రేక్షకునికి తెలియును; సభ నడుపు వ్యాఖ్యాత చమత్కారము తెలియును; ఆ చమత్కారమును ముందుగా కాగితముపై పెట్టినవాని పేరు మాత్రము తెలియదు. అతడు వ్రాయుట మానిననాడే అతడొకడు కలడని లోకమునకు తెలియును. అమెరికా దేశమున 1960 మొదలు 2023 వరకు ఇట్టి సందర్భములు పలుమారులు వచ్చినవి. వాటి చరిత్ర మన ప్రేక్షకులకు కూడ తెలియదగినదే.

ఏలయన ఆ వేదికతో తెలుగువారికి ఇటీవల చుట్టరికము కలిగినది. 2023 మార్చి 13వ తేదీ సోమవారము ఉదయమున అనేకులైన తెలుగువారు కచేరీలకు బయలుదేరుట కొంత ఆలస్యమైనను సరియేయని టెలివిజన్ ముందు కూర్చుండిరి. లాస్ ఏంజెలెస్ నగరమున అప్పటికి ఆదివారపు సాయంకాలము. 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రములోని 'నాటు నాటు' పాటకు ఆస్కారు బహుమతిని సంగీత దర్శకుడు కీరవాణి, రచయిత చంద్రబోస్ అందుకొనిరి. తెలుగు పాట వ్రాసిన చేయి ఆ వేదికపై బంగారు ప్రతిమను పట్టుకొన్నది. ఆ తరువాత ఏడు వారములు గడచినవో లేదో, ఆ దేశపు సినిమాలకును టెలివిజన్ కును మాటలు సమకూర్చు రచయితలు కలములు క్రింద పెట్టిరి.

ఈ రచయితల సంఘము నిన్న మొన్నటిది కాదు. చలనచిత్ర రచయితలు 1933లో స్క్రీన్ రైటర్స్ గిల్డును స్థాపించిరి. 1954లో రేడియో, టెలివిజన్ రచయితలును కలియగా తూర్పు, పడమర శాఖలుగా రైటర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా ఏర్పడినది. నిర్మాతలతో ఈ సంఘము చేసికొను ఒడంబడిక సామాన్యముగా మూడేండ్లకొకసారి ముగియును. కొత్త ఒడంబడిక కుదురక పోయినచో సమ్మె జరుగును.

వివాదమునకు మూలము చాలమారులు ఒక్కటే. దానిని వారు 'రెసిడ్యువల్' అందురు. ఒకసారి వ్రాసిన కథ మరల మరల ప్రదర్శింపబడునపుడు, ప్రతి ప్రదర్శనకును రచయితకు దక్కు భాగమని దాని అర్థము. నెలజీతముపై జీవించు ఉద్యోగికి ఇది వింతగా తోచవచ్చును. ఫైలుపై ఒకసారి నోటు వ్రాసిన గుమాస్తాకు ఆ ఫైలు తెరచినప్పుడెల్ల పైకము ఇయ్యరు గదా! కాని గుమాస్తాకు వచ్చు నెలలో జీతము నిశ్చయము. పదవీ విరమణానంతరము పింఛను కలదు. టెలివిజన్ రచయితకు ఒక ధారావాహిక ముగిసిన తరువాత మరియొకటి దొరకువరకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. ఆ నడుమ ఇంటి అద్దె చెల్లించునది ఈ పాత వ్రాతల ప్రతిఫలమే.

చరిత్రను పరిశీలించినచో ప్రతి సమ్మెకును ముందు ఒక కొత్త యంత్రమో, కొత్త విపణియో కనబడును. 1960 జనవరిలో మొదలై సుమారు ఐదు నెలలు సాగిన సమ్మె సినిమాలను టెలివిజన్ కు అమ్ముటనుగూర్చినది. ఆ యేడే నటులును కొన్ని వారములు సమ్మె చేసిరి. అప్పటి నటసంఘాధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, తదుపరి కాలమున ఆ దేశమునకే అధ్యక్షుడయ్యెను. ఆ పోరాటము ఫలితముగా టెలివిజన్ కు అమ్మిన చిత్రములలో భాగమును, పింఛను నిధియు రచయితలకు లభించినవి. 1981లో మూడు నెలల సమ్మె చందా టెలివిజన్, వీడియో క్యాసెట్టులనుగూర్చి జరిగెను. 1985లో వీడియో ఆదాయమునకై మరల సమ్మె చేసిరిగాని, సంఘములో చీలికలు కలిగి రెండు వారములకే విరమింపవలసి వచ్చెను. ఆ ఓటమి వారిని చిరకాలము బాధించినది. ఇరువది యేండ్ల తరువాత కూడ అమ్ముడైన ఒక్కొక్క డి.వి.డి.పై రచయితకు దక్కినది సుమారు 4 సెంట్లు మాత్రమే.

ప్రేక్షకునికి మొట్టమొదట గట్టి దెబ్బ తగిలినది 1988లో. మార్చి 7 నుండి ఆగస్టు 7 వరకు, ఐదు నెలలు సమ్మె సాగెను. అమెరికాలో సెప్టెంబరు మాసము టెలివిజన్ కు కొత్త సంవత్సరాది వంటిది. కొత్త ధారావాహికలన్నియు అప్పుడే మొదలగును. ఆ యేడు అక్టోబరు, నవంబరులు వచ్చినను అనేక కార్యక్రమములు మొదలుకాలేదు. వేసవి నుండి చూచినవే మరల చూడవలసి వచ్చెను. ఏ.బి.సి. సంస్థ 'మిషన్ ఇంపాసిబుల్' అను పూర్వపు ధారావాహికను పునరుద్ధరించి, కొన్ని పాత కథలనే కొత్త నటులతో ఆస్ట్రేలియాలో చిత్రీకరించెను. విసిగిన ప్రేక్షకులు కేబుల్ వాహినుల వైపు, అద్దె క్యాసెట్టుల వైపు మరలిరి. అట్లు వెళ్లినవారిలో కొందరు మరల పెద్ద సంస్థల వైపు రాలేదని పరిశీలకుల అభిప్రాయము. ఒకసారి తప్పిన అలవాటును తిరిగి కలిగించుట సులభము కాదు.

2007 నవంబరు 5న మొదలైన సమ్మె నూరు దినములు నడచెను. ఈసారి కొత్త యంత్రము ఇంటర్నెట్. నాటి రాత్రినుండియే వార్తలపై హాస్యమాడు రాత్రి కార్యక్రమములు నిలిచి పాతవి ప్రసారమయ్యెను. ధారావాహికలు కుంచించుకుపోయినవి: 'బ్రేకింగ్ బ్యాడ్' మొదటి భాగము తొమ్మిది ప్రకరణములకు బదులు ఏడింటితోనే ముగిసెను; '24' అనునది ఒక యేడు వెనుకబడి 2009 జనవరిలో వచ్చెను. ఖాళీలను 'సెలెబ్రిటీ అప్రెంటిస్' వంటి పోటీ కార్యక్రమములతో నింపిరి. వాటికి గిల్డు రచయితలు అక్కరలేదు. ఈ విధముగా రచయితల సమ్మె కొంతవరకు రచయితలు లేని వినోదమునకే బాట వేసినదనుట విచారకరమైన సత్యము.

అయినను ఆ సమ్మె బలము బాగుగా కనబడినది బహుమతి ప్రదానోత్సవములందు. దీనికి కారణము కలదు. ధారావాహిక ఆగినచో పాతది వేయవచ్చును. లేదా ప్రేక్షకుని వేచియుండుమనవచ్చును. ప్రదానోత్సవమునకు తేది నిశ్చయము. ప్రకటనలు ముందే అమ్ముడై యుండును. గత సంవత్సరపు ఉత్సవమును మరల చూపిన నవ్వులపాలగుదురు. పైగా ఆ మూడు గంటల సభలో వ్యాఖ్యాత చమత్కారములు, బహుమతి నిచ్చువారి పలుకులు చాలవరకు వ్రాసి ఇచ్చినవే. అప్పటికప్పుడు తోచినట్లు వినబడు మాట వెనుక వారముల శ్రమ యుండును.

2008 జనవరి 13న గోల్డెన్ గ్లోబ్ ఉత్సవము జరుగవలసి యుండెను. రచయితల పికెటింగును దాటి లోనికి అడుగు పెట్టబోమని నటీనటులు చెప్పిరి. పికెటింగు అనగా నేమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1930 నాటి కల్లు దుకాణముల ముందరి దృశ్యములను పెద్దలనుండి విననివారు తక్కువ. ఉత్సవము రద్దయ్యెను. తారలు లేరు, విందు లేదు, కృతజ్ఞతా వచనములు లేవు. పత్రికా గోష్ఠి యొకటి ఏర్పరచి సుమారు అరగంటలో విజేతల పేర్లు చదివివేసిరి. అంతకుముందు సంవత్సరము రెండు కోట్ల మంది చూచిన కార్యక్రమమును ఆ యేడు చూచినవారు సుమారు 60 లక్షలు. గిల్డు కొన్ని ఉత్సవములకు అనుమతి ఇచ్చుట కూడ గమనింపదగినది. ఫిబ్రవరి 10 నాటి గ్రామీ సంగీత సభ నిరాటంకముగా జరిగెను. సమ్మె 12న ముగియగా ఆస్కారు సభకు మాటలు వ్రాయుటకు పన్నెండు దినములే మిగిలెను. ఆ సభ జరిగినదిగాని, ప్రేక్షకులు సుమారు 3 కోట్ల 20 లక్షలకు తగ్గిరి; అప్పటివరకు అంత తక్కువ ఎన్నడును లేదు. దీనికి సమ్మెయే ఏకైక కారణమనుట న్యాయము కాదు. ఆ యేడు పోటీపడిన చిత్రములు బహుజనాదరణ పొందినవి కావు.

నటుల సమ్మె చరిత్రలో దీనికి పూర్వోదాహరణ యొకటి కలదు. 1980 సెప్టెంబరులో ఎమ్మీ సభను నటులు బహిష్కరింపగా, బహుమతి పొందిన నటులలో పవర్స్ బూత్ ఒక్కడే వేదికపైకి వచ్చెను. ఆ యొక్కని ప్రసంగము తక్కిన ఖాళీ కుర్చీలను మరింత స్పష్టపరచినది.

2023 మే 2న మొదలైన సమ్మె 148 దినములు సాగినది. గిల్డు సభ్యులు సుమారు 11,500 మంది. జూలై 14న నటులును చేరిరి. రెండు సంఘములు ఏకకాలమున సమ్మె చేయుట 1960 తరువాత ఇదియే. జూన్ 11న రంగస్థల నాటకములకిచ్చు టోనీ బహుమతుల సభకు గిల్డు ఒక రాజీతో అడ్డు తొలగించెను: సభ జరుగవచ్చును, వ్రాసిన మాటలు ఉండరాదు. అధ్యక్షురాలు అరియానా డిబోస్ తెర వెనుక వ్రాతప్రతిని తెరచిచూడగా పుటలన్నియు ఖాళీ. అంతట ఆమె మాటలు లేని నృత్యముతో సభను ప్రారంభించెను. రచయిత లేని లోటును అంతకంటె చక్కగా ఏ ఉపన్యాసమును తెలుపజాలదు. సెప్టెంబరు 18న జరుగవలసిన ఎమ్మీ సభ 2024 జనవరి 15కు వాయిదా పడెను. దానిని చూచినవారు సుమారు 43 లక్షలు. ఆ బహుమతుల చరిత్రలో అప్పటికి అదియే కనిష్ఠము. తరువాతి సభ సెప్టెంబరులో యథావిధిగా రాగా, ఒకే సంవత్సరమున రెండు ఎమ్మీలు జరిగినవి.

ఈ పర్యాయము ఎదుట నిలిచిన యంత్రములు రెండు. ఇంటర్నెట్ ద్వారా చందాదారులకు చిత్రములు చూపు సంస్థలు ఎందరు చూచిరో అప్పటికి పూర్తిగా చెప్పెడివి కావు. చెప్పనిచో భాగమెట్లు లెక్కించుట? ఇక రెండవది కృత్రిమ మేధ. సెప్టెంబరు 27న సమ్మె విరమించునాటికి కుదిరిన ఒడంబడిక ఈ రెండింటికిని కొంత సమాధానమిచ్చెను. బాగుగా చూడబడిన కార్యక్రమములకు అదనపు ప్రతిఫలము, సంఘమునకు వీక్షణ లెక్కలు లభించినవి. యంత్రము వ్రాసినదానిని రచనగా పరిగణింపరాదనియు, రచయిత దానిని వాడితీరవలెనని నిర్బంధింపరాదనియు నియమము చేరినది.

విజయమునకు వెల చెల్లించినవారు రచయితలొక్కరే కారు. 148 దినములు దీపములు పట్టువారికి, వడ్రంగులకు, దర్జీలకు, వాహన చోదకులకు పని లేకపోయెను. వారు సమ్మెకు ఓటు వేసినవారు కారు, ఒడంబడికలో వారికి భాగమును లేదు. ఏ సమ్మె చరిత్ర వ్రాసినను ఈ పంక్తిని విడిచిపెట్టరాదు.

భారతదేశమున ఈ ప్రశ్నకు సమాధానము వీధులలో కాక శాసనసభలో కొంతవరకు లభించినది. 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టమును సవరించి, సినిమాహాలులో చిత్రముతోబాటు వినిపించుట మినహా పాటకు గల ఇతర వినియోగములలో గీతరచయితకును స్వరకర్తకును రాయల్టీ హక్కు కలదనియు, దానిని తమ వారసులకు లేదా కాపీరైటు సంఘమునకు తప్ప ఎవరికిని వదలుకొనుటకు వీలులేదనియు నిర్ణయించెను. అప్పటి రాజ్యసభ సభ్యుడు, కవియైన జావేద్ అఖ్తర్ దానికై గట్టిగా వాదించినవారిలో ఒకరు. కలముతో బ్రతుకువాడు అవసరమున తన హక్కును అమ్ముకొనకుండ చట్టమే అడ్డు నిలుచుట ఇందలి విశేషము.

బహుమతి సభలో దీపములు వెలిగినప్పుడు ప్రేక్షకుని దృష్టి వేదికపైననే యుండును, అది సహజము. కాని చంద్రబోస్ వేదిక నెక్కిన ఉదయమున మన ఇండ్లలో కలిగిన సంతోషమునకు కారణమేమి? తెర వెనుకనుండు కలము ఒక్కసారి తెర ముందుకు వచ్చుట. ఆ కలమునకు గౌరవమిచ్చుటకు అది ఆగువరకు వేచియుండనక్కరలేదు. నాటకాంతమున పేర్లు తెరపై జరుగుచుండగా టెలివిజన్ కట్టివేయక, వ్రాసినవాని పేరును ఒక్క క్షణము చదివినను చాలును.